మెట్ల మీద తేలిన లెక్క

లండన్ డబుల్ డెక్కర్ బస్సును ఇద్దరు నడిపేవారు. డ్రైవరు డ్యూటీలో నూటికి 90 పాళ్లు కూర్చునే ఉండేవాడు. కండక్టరు టికెట్లు కొడుతూ కిందికీ పైకీ తిరిగి రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కేవాడు. హైదరాబాద్‌లో డబుల్ డెక్కర్లు ఎక్కిన తరానికి కండక్టరు అవస్థ వేరే చెప్పనక్కర్లేదు. ఒకే బస్సు, ఒకే సంస్థ, ఇంచుమించు ఒకే తరహా ఇల్లూ వాకిలీ. తేడా అల్లా ఒకరు కూర్చోవడం, ఒకరు మెట్లెక్కడం. ఊరంతా రోజూ చూస్తున్న ఈ తేడాలో ఎవరూ పనిగట్టుకుని చేయని ప్రయోగం ఒకటి జరుగుతోందని పసిగట్టినవాడు డాక్టర్ జెర్రీ మోరిస్.

1910లో లివర్‌పూల్‌లో పుట్టి గ్లాస్గోలో పెరిగాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యుడిగా మన దేశంలోనూ పనిచేశాడు. 1948 నుంచి బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి కింద సామాజిక వైద్య విభాగాన్ని నడిపాడు. అప్పటికి బ్రిటన్‌లో గుండెపోటు చావులు పెరిగిపోతున్నాయి, ఎందుకో తెలియదు. మోరిస్ బృందం లండన్ రవాణా సంస్థలో 35 నుంచి 64 ఏళ్ల వయసున్న సుమారు 31,000 మంది ఉద్యోగుల జబ్బు రికార్డులు ముందేసుకుంది. ఆ సంస్థ వైద్యుడు రాఫిల్ కూడా ఈ బృందంలో ఉన్నాడు. కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చింది, వచ్చినా ఆలస్యంగా వచ్చింది. ఉన్నట్టుండి ప్రాణం తీసే పోటు డ్రైవర్లలోనే ఎక్కువ.

ఇంత మాట 1949లోనే లీలగా కనబడింది. మరొకరైతే వెంటనే పత్రికకు పంపేవారు. మోరిస్ పంపలేదు. బస్సుల్లో తేలింది బస్సులకే పరిమితమేమో అనుకుని తపాలా శాఖ మీద పడ్డాడు. వీధులు తిరిగే పోస్ట్‌మ్యాన్‌లను ఒకవైపు, కుర్చీ కదలని గుమాస్తాలనూ టెలిఫోన్ ఆపరేటర్లనూ మరోవైపు పెట్టి చూశాడు. అక్కడా అదే వరస. అప్పుడు గానీ, 1953లో, లాన్సెట్ పత్రికలో వ్యాసం రాలేదు. ఆ నాలుగేళ్ల నిదానమే నాకు ఈ పనిలో మొదట నచ్చింది.

అంతకన్నా నచ్చింది ప్యాంట్ల సంగతి. తెలివైన పాఠకుడికి వెంటనే తట్టే అనుమానం ఒకటుంది. మొదటి నుంచీ లావుగా, బద్ధకంగా ఉన్నవాళ్లే డ్రైవరు పనికి చేరుతున్నారేమో? అలాగైతే మెట్ల మహిమ ఏమీ లేదు, మనుషులే వేరు. ఈ అనుమానాన్ని పైవాళ్లు లేవనెత్తేదాకా మోరిస్ ఆగలేదు. ఉద్యోగులకు యూనిఫాంలు సంస్థే ఇచ్చేది కాబట్టి కొలతలన్నీ కాగితాల మీద ఉన్నాయి. వాటిని తిరగేస్తే ఏ వయసులో చూసినా, కుర్రవాళ్లలో కూడా, డ్రైవర్ల నడుము కండక్టర్లకన్నా పెద్దదే. అంటే అనుమానంలో నిజముంది! తన వాదనకే అడ్డొచ్చే ఈ సంగతిని 1956లో అదే లాన్సెట్‌లో అచ్చువేయించాడు. దర్జీ లెక్కలతో వైద్యశాస్త్రం రాయడం ఒక చమత్కారమైతే, తన మీద తానే అభియోగపత్రం దాఖలు చేసుకోవడం మరో ఎత్తు. జవాబు దొరకడానికి ఇంకో పదేళ్లు పట్టింది. సన్నటివాళ్లను సన్నటివాళ్లతో, బొద్దువాళ్లను బొద్దువాళ్లతో పోల్చినా కండక్టర్లదే పైచేయి అని తేలింది.

మధ్యలో, దేశమంతటి నుంచీ తెప్పించిన నాలుగు వేలకు దగ్గరగా శవపరీక్షల వివరాలను 1958లో అచ్చువేశారు. రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడంలో కష్టం చేసేవాడికీ చేయనివాడికీ పెద్ద తేడా లేదు. గుండె కండరం మీది మచ్చలు మాత్రం కూర్చుని పనిచేసినవాళ్లలోనే ఎక్కువ.

ఇక్కడిదాకా కొలిచింది ఉద్యోగంలోని శ్రమ. యంత్రాలూ లిఫ్టులూ వచ్చి ఆ శ్రమ కరిగిపోతున్నప్పుడు, మిగిలేది ఆటలూ తీరిక సమయపు వ్యాయామమే. దాన్ని ఎలా కొలవాలి? ‘వారానికి ఎంతసేపు ఆడతారు?’ అని అడిగితే ఎవరైనా కాస్త పెంచే చెబుతారు. 1968-70 మధ్య మోరిస్ బృందం 40 నుంచి 64 ఏళ్ల ప్రభుత్వోద్యోగులను, దాదాపు 17,000 మందిని, ఎంచుకుంది. అందరిదీ బల్ల ముందు కూర్చునే పనే కనుక ఉద్యోగం వల్ల వచ్చే తేడా తుడిచిపెట్టుకుపోయింది. సోమవారం పొద్దున్నే, ముందుగా చెప్పకుండా, చేతికి కాగితమిచ్చి గడిచిన శుక్ర, శనివారాల్లో ఏం చేశారో అయిదేసి నిమిషాల చొప్పున రాయమన్నారు. ఒకటి పనిరోజు, ఒకటి సెలవురోజు. ముందే తెలిస్తే శనివారం నాడు ఎవరైనా వీరులైపోతారు కదా! ఇంత కొంటె ప్రశ్నాపత్రాన్ని నేను మరెక్కడా చూడలేదు. 1973లో వచ్చిన ఫలితం ప్రకారం, ఒళ్లు బాగా అలిసేలా వ్యాయామం చేసినవాళ్లకు గుండెజబ్బు ముప్పు మిగతావాళ్లకున్న దానిలో మూడోవంతే. ఊరికే అటూఇటూ తిరగడం లెక్కలోకి రాలేదు. తర్వాతి విడతలో మరొకటి బయటపడింది: ఒకప్పుడు ఆడి ఇప్పుడు మానేసినవాళ్లకు ఆ పాత ఆటలు ఏ రక్షణా ఇవ్వలేదు. కాలేజీ రోజుల కప్పులు షోకేసులో ఉన్నవాళ్లకు ఇది చేదు కబురే.

1994లో మోరిస్ ఒక వ్యాసంలో ప్రజారోగ్యానికి నేటి చవకైన మంచి బేరం వ్యాయామమే అని రాశాడు. బేరం అన్నాక రేటు కట్టేవాళ్లు వస్తారు, వచ్చారు కూడా. స్పోర్ట్ ఇంగ్లండ్ సంస్థ తరఫున వేసిన లెక్కలో 2017-18లో క్రీడలూ వ్యాయామం మీద పెట్టిన ప్రతి పౌండుకూ సమాజానికి 3.91 పౌండ్ల విలువ తిరిగొచ్చింది. మొత్తం 8,550 కోట్ల పౌండ్లు. అందులో ఆరోగ్యం పద్దు 950 కోట్లు, జీవితం పట్ల తృప్తి పద్దు 4,200 కోట్లు. మొదటి పద్దు మీద నాకు గురి ఉంది, దాని కింద బస్సులూ ప్యాంట్లూ సోమవారపు కాగితాలూ ఉన్నాయి. రెండో పద్దు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పాత అనుమానమే తలెత్తుతుంది. ఆడబట్టి తృప్తిగా ఉన్నారా, తృప్తిగా ఉన్నవాళ్లే మైదానానికి వస్తున్నారా? ఈ పద్దును మోరిస్ చేతికిస్తే అచ్చుకు పంపే ముందు ఇంకో నాలుగేళ్లు ఆగేవాడేమో.