‘ఆద్యుడు’ అనే బిరుదు వెనుక: యూరాలజీ చరిత్ర రచన – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
యూరాలజీ చరిత్ర తరచుగా ‘తొలిసారి చేసినవారి’ పేర్ల వరుసగా కనిపిస్తుంది. ఈ పద్ధతి శస్త్రవైద్యుని ప్రతిభను చూపుతుంది కాని, ఆ ప్రతిభకు ఆధారమైన రోగిని, ఎదురైన వైఫల్యాన్ని కనుమరుగు చేస్తుంది. సుశ్రుతుడు, చెసెల్డెన్, సివియాల్, సైమన్, ఫ్రేయర్‌ల ఉదాహరణలతో ఈ లోపాన్ని పరిశీలించి, ఫలితాన్ని దాచకుండా నమోదు చేయడం ప్రాథమ్యం కంటె గట్టి ప్రమాణమని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: అశ్మరి, శస్త్రచికిత్స, ప్రాథమ్యం, మరణాల నమోదు, చరిత్ర రచన.

1. ఉపోద్ఘాతం:
తెలుగులో సుశ్రుతుణ్ణి ‘శస్త్రచికిత్సా పితామహుడు’ అనడం పరిపాటి. పితామహుడు, ఆద్యుడు, మార్గదర్శి వంటి విశేషణాలు గౌరవాన్ని తెలుపుతాయి. అయితే గౌరవవాచకం చారిత్రక నిర్ణయంగా మారినప్పుడు చిక్కు వస్తుంది. ‘మొదట ఎవరు చేశారు?’ అన్న ప్రశ్నకు జవాబు దొరకగానే ‘ఎవరిపై చేశారు? తరువాత ఏమైంది?’ అన్న ప్రశ్నలు ఆగిపోతాయి. మూత్రాశయంలోని రాయిని తీసే చికిత్స అతిప్రాచీనం, అతిప్రమాదకరం కూడా. కనుక ఈ ప్రశ్నలను అక్కడి నుంచి మొదలుపెట్టడం సమంజసం.

2. సుశ్రుతుడు – సంశయాన్ని అంగీకరించిన గ్రంథం:
సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలోని అశ్మరీ ప్రకరణాన్ని సాధారణంగా కోత విధానం కోసమే ఉదాహరిస్తారు. రాయిని పగలకుండా తీయాలని, చిన్న ముక్క మిగిలినా అది మళ్లీ పెరుగుతుందని అందులో ఉన్న హెచ్చరిక నిశితమైన పరిశీలనకు నిదర్శనం. అయితే అంతకంటె ముఖ్యమైనది ఆ విధానానికి ముందున్న భాగం. ఘృతాలు, కషాయాలు, క్షారాలు విఫలమైనప్పుడే శస్త్రానికి పూనుకోవాలి. చేయకుంటే మరణం నిశ్చయం, చేస్తే ఫలితం సందేహం. కనుక ‘ఈశ్వరుని’ అనుమతి తీసుకోవాలి అన్నది గ్రంథకర్త అభిప్రాయం. ఇక్కడ ఈశ్వరుడంటే రాజు అని సాధారణంగా అన్వయిస్తారు.

ఈ నియమాన్ని నేటి సమ్మతిపత్రానికి పూర్వరూపంగా పొగడటం తొందరపాటు. అనుమతి ఇచ్చేది రోగి కాదు, ప్రభువు. అది రోగి హక్కు కంటె వైద్యుని రక్షణకే ఎక్కువ దగ్గరగా ఉంది. అయినా తన విద్య విఫలం కావచ్చునని ముందే ఒప్పుకోవడం ఆ గ్రంథం గొప్పదనం. ‘పితామహుడు’ అన్న బిరుదులో ఈ వినయం వినిపించదు.

3. చెసెల్డెన్, సివియాల్ – లెక్క, దాని పరిమితి:
లండన్ శస్త్రవైద్యుడు విలియం చెసెల్డెన్ 1723లో పొత్తికడుపు పైనుంచి రాయిని తీసే పద్ధతిపై గ్రంథం ప్రకటించాడు. కొన్నేళ్లకే దాన్ని విడిచి, పక్కకోత పద్ధతిని చేపట్టాడు. తాను సమర్థించిన మార్గాన్ని తానే వదులుకోవడం అరుదైన విషయం. ఆ తరువాత 213 మందికి చికిత్స చేసి, వారిలో 20 మంది మరణించినట్లు ప్రకటించాడు. మత్తుమందు ఎరుగని ఆ కాలంలో ఆయన వేగం ప్రసిద్ధికెక్కింది. చరిత్రకారులకు మాత్రం ఆ వేగం కంటె ఆ 20 అనే అంకె విలువైనది.

పారిస్‌లో జాన్ సివియాల్ 1824లో కోత లేకుండా, మూత్రమార్గం గుండా పరికరాన్ని పంపి రాయిని లోపలే నలిపే పద్ధతిని రోగిపై ప్రయోగించాడు. తరువాత కోతకు, నలుపుడుకు మరణాల రేటును పోల్చి చూపాడు. కోత పద్ధతిలో సుమారు ఐదుగురిలో ఒకరు మరణించగా, నలుపుడులో మరణాలు నూటికి రెండు మాత్రమే. 1835లో ఫ్రెంచ్ విజ్ఞానశాస్త్ర అకాడమీ ఈ అంశాన్ని చర్చించింది. సమూహం మీద తీసిన సగటు, ఎదుట ఉన్న ఒక్క రోగికి ఎంతవరకు వర్తిస్తుందన్న అభ్యంతరం అక్కడ వినిపించింది. ఇది కొట్టిపారేయదగినది కాదు. చిన్న రాళ్లు ఉన్నవారు, దేహబలం ఉన్నవారు నలుపుడుకు ఎంపికైతే ఆ పోలిక సమానుల మధ్య పోలిక కాదు. లెక్క అవసరమే, కాని అదొక్కటే చాలదు.

4. సైమన్ – ‘తొలి’ అన్న మాటలోని సందిగ్ధత:
1869 ఆగస్టు 2న హైడెల్‌బర్గ్‌లో గుస్తావ్ సైమన్ మార్గరెతా క్లెబ్ అనే స్త్రీకి ఒక మూత్రపిండాన్ని తొలగించాడు. ఆమె బ్రతికింది. ఒక్క మూత్రపిండంతో జీవించవచ్చునా అన్నది అంతకుముందే ఆయన కుక్కలపై పరీక్షించాడు. అయితే 1861లోనే అమెరికాలో ఎరాస్టస్ వోల్కాట్ కాలేయపు గడ్డగా భావించి మూత్రపిండాన్ని తీశాడు. ఆ రోగి పదిహేను రోజులకు మరణించాడు. ‘తొలి’వారు ఎవరు? తేదీ ప్రమాణమైతే వోల్కాట్, సంకల్పం ప్రమాణమైతే సైమన్. అందుకే చరిత్రకారులు ‘ముందుగా నిర్ణయించుకున్న తొలి శస్త్రచికిత్స’ అని జాగ్రత్తగా రాస్తారు. ఆ ఒక్క విశేషణం వెనుక ఒక మరణం ఉంది.

5. ఫ్రేయర్ – పేరున్న రోగి, పేరులేని రోగులు:
ఐర్లండ్‌కు చెందిన పీటర్ ఫ్రేయర్ 1901లో ప్రోస్టేట్ గ్రంథిని పూర్తిగా తీసే పద్ధతిని తనదిగా ప్రకటించాడు. న్యూయార్క్‌కు చెందిన యూజీన్ ఫుల్లర్ అంతకుముందే అటువంటి చికిత్స చేసినందున తీవ్ర వివాదం చెలరేగింది. యూరాలజీ చరిత్రలో ఈ ప్రాథమ్య వివాదానికి చాలా చోటు దక్కింది.

ఫ్రేయర్ హస్తనైపుణ్యం భారతదేశంలో రూపొందిందన్నది దానికంటె తక్కువగా చర్చకు వచ్చే విషయం. లండన్‌కు వెళ్లేముందు రెండు దశాబ్దాలు ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేసి, ఉత్తర భారతంలో మూత్రాశయపు రాళ్లను నలిపి తీయడంలో ఆయన పేరు పొందాడు. రాంపూర్ నవాబు నుంచి ఆయన పొందిన లక్ష రూపాయల పారితోషికం కథ జీవితచరిత్రల్లో కనిపిస్తుంది. మిగిలిన రోగులు మాత్రం సంఖ్యలుగానే మిగిలారు. లండన్ కీర్తికి పునాది వేసిన దేహాలు వలసపాలన ఆసుపత్రుల పట్టికల్లో ఉండిపోయాయి.

6. ముగింపు:
రోగుల పేర్లు బయటపెట్టాలని ఈ వ్యాసం కోరడం లేదు, గోప్యత వైద్యధర్మం. వైద్యుణ్ణి తక్కువ చేయడమూ దీని ఉద్దేశం కాదు. ‘ఆద్యుడు’ అని రాసే ముందు పరిశోధకుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఎవరి అనుమతితో చేశారు? ఎంతమంది మరణించారో చెప్పారా? ఆ నైపుణ్యం ఎవరి దేహాలపై అలవడింది? ఈ ప్రశ్నలకు నిలిచినవారికి బిరుదు అదనపు అలంకారమే. చెసెల్డెన్ ప్రకటించిన 20 మరణాలు ఆయన కీర్తిని తగ్గించలేదు. మిగిలిన 193 మంది గురించి ఆయన చెప్పినదాన్ని మనం నమ్మగలగడానికి ఆ 20 కారణం.