జేబులోని వీడియో గేమ్‌ను ఫోన్ మింగేసిందా?

ఆటలు ఆడుకోవడానికి ఫోన్ ఉండగా, ఆటల కోసమే మరో చిన్న యంత్రాన్ని ఎవరైనా ఎందుకు కొంటారు? 2008లో ఆపిల్ సంస్థ యాప్ స్టోర్ తెరిచాక ఈ ప్రశ్న బలంగా వినిపించింది. చేతిలో పట్టుకుని ఆడే గేమ్ యంత్రాలకు కాలం చెల్లిందని చాలామంది తేల్చేశారు. ఆ తీర్పు ఎంతవరకు నిజమో చూద్దాం.

జపాన్‌కు చెందిన నింటెండో 2004లో విడుదల చేసిన డీఎస్ యంత్రాలు సుమారు 15.4 కోట్లు అమ్ముడయ్యాయి. దాని తరువాత 2011లో వచ్చిన 3డీఎస్ 7.6 కోట్ల దగ్గర ఆగిపోయింది. మొదట 25,000 యెన్లున్న దాని ధరను ఆరు నెలలు తిరక్కముందే 15,000 యెన్లకు దించవలసి వచ్చింది. అదే ఏడాది సోనీ తెచ్చిన వీటా ఉత్పత్తి 2019లో ఆగిపోయింది. బస్సు కోసం ఎదురుచూస్తూ ఆడుకునే పది నిమిషాల ఆటను ఫోన్ నిజంగానే లాగేసుకుంది.

కాని 2017లో వచ్చిన నింటెండో స్విచ్ అమ్మకాలు 15 కోట్లు దాటాయి. మరి ఆ తీర్పులో పొరపాటు ఎక్కడుంది? ఎక్కువ పనులు చేసే పరికరం తక్కువ పనులు చేసేదాన్ని మింగేస్తుందని అనుకోవడంలో ఉంది. 1989లో వచ్చిన గేమ్ బాయ్‌కి రంగుల తెర లేదు. రంగుల తెరతో 1990లో పోటీకి దిగిన సెగా గేమ్ గేర్ ఆరు పెన్సిల్ సెల్లను కొద్ది గంటల్లోనే ఖాళీ చేసేది. నాలుగు సెల్లతో పది గంటలకు పైగా నడిచే గేమ్ బాయే నెగ్గింది. దాని రూపకల్పనకు నాయకత్వం వహించిన గున్‌పే యొకోయి, బాగా పాతబడి చవకైన సాంకేతికతను కొత్త పనికి వాడాలని నమ్మిన ఇంజనీరు.

మీటల సంగతి కూడా ఆలోచించండి. మీట నొక్కితే కింద ఉన్న రబ్బరు వంగి సర్క్యూట్ కలుస్తుంది. ఆ కదలిక వేలికి తెలుస్తుంది, కాబట్టి చూపు ఆట మీదే ఉంటుంది. ఫోన్‌లోని నున్నని గాజు మీద వేలికి అంచు తెలియదు. పైగా ఆ వేలే తెరను కప్పేస్తుంది.

అయితే యంత్రాలదే గెలుపు అనడం కూడా తొందరపాటే. స్విచ్‌ను టీవీకి తగిలించి ఆడవచ్చు. అంటే అది జేబు యంత్రంగా మాత్రమే మిగలకుండా బతికింది. 3డీఎస్ ఉత్పత్తి 2020లో నిలిచిపోయింది. యంత్రం ధరకు తోడు ఒక్కొక్క ఆటనూ విడిగా కొనడం మన దేశంలో చాలా కుటుంబాలకు భారమే.

ఫోన్‌లో చాలా ఆటలు ఉచితం కదా అంటారా? వాటి ఖర్చు ప్రకటనల నుంచి, ఆట మధ్యలో జరిగే కొనుగోళ్ల నుంచి రావాలి. అందుకే అలాంటి ఆటలు మీరు మళ్లీ మళ్లీ తెరిచేలా తయారవుతాయి. ఒకసారి డబ్బిచ్చి కొన్న ఆటకు ఆ అవసరం తక్కువ. మీ ఫోన్‌లోని ఒక ఆటను వారం రోజులు గమనించండి. అది ఎన్నిసార్లు మిమ్మల్ని పిలిచిందో, ఎన్నిసార్లు డబ్బు అడిగిందో ఒక కాగితం మీద రాయండి. ఏది చవకో అప్పుడు మీరే తేల్చుకోవచ్చు.