లోటాని చూశారు, కులాన్ని చూళ్ళేదు

మన దేశంలో డిజైన్ చదువు ఏ రాతతో మొదలయిందో ఆ రాతనే ముందు నిలదీయాలి. 1958లో అమెరికన్ డిజైనర్లు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ భారత ప్రభుత్వానికి ‘ఇండియా రిపోర్ట్’ రాసిచ్చారు. దాని ఫలితంగా 1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వెలిసింది. ఆ నివేదిక మెచ్చుకున్న వస్తువు లోటా. ఎన్ని నీళ్ళు పట్టాలి, నెత్తిన మోస్తారా, చంకన మోస్తారా, ఎలా వంచుతారు, ఎలా తోముతారు, ఖరీదెంత - అన్నీ అడిగారు. ఎవరు ముట్టుకోవచ్చు అని మాత్రం అడగలేదు. హోటల్లో మనకి వేరే గ్లాసు పెట్టిన దేశంలో లోటాకి మొదటి డిజైన్ నియమం అదే కదా!

లోటా ఏ ఒక్కరి సృష్టీ కాదు, తరతరాలది అంటారు వాళ్ళు. నిజమే. ఐతే ఆ తరాలకి కులముంది. తంగేడు చెక్కతో, సున్నంతో తోలు పదును చేసే జ్ఞానం మాదిగలది. కంచ ఐలయ్య 2009లో ‘పోస్ట్ హిందూ ఇండియా’లో వాళ్ళని శాస్త్రవేత్తలన్నాడు. అవసరమైన మాటే. కానీ శాస్త్రవేత్తకి జీతం, ప్రయోగశాల, శిష్యులు ఉంటారు. లంద కాడ పనిచేసినోళ్ళకి దక్కింది అంటరానితనం.

మన సీమనే చూద్దాం. పట్టుగూళ్ళు అమ్మేది హిందూపురంలో, పట్టుచీరలు నేసేది ధర్మవరంలో, 2019 నుంచి కియా కార్లు తయారయ్యేది పెనుకొండ కాడ ఎర్రమంచిలో. ఆ కార్ల రూపం గీసే బల్ల మాత్రం వేరే దేశంలో. ధర్మవరం మండలం నిమ్మలకుంట తోలుబొమ్మలాటగాళ్ళు, ఆట చూసే జనం తగ్గాక, అదే మేకతోలుతో దీపాల గుడ్డలకి బదులు తోలు లాంపుషేడ్లు చేశారు. కాలేజీలో దీన్నే ప్రాడక్ట్ ఇన్నోవేషన్ అంటారు. 2020లో ఆ ఊరి దళవాయి చలపతిరావుకి పద్మశ్రీ ఇచ్చింది కళ కింద. వాళ్ళు మాదిగలు కారు. ఐనా చదువు గీసిన గీతకి అవతలే ఉన్నారు.

డిజైన్ పంతులుద్యోగానికి డిగ్రీ, పేపరు, పేటెంటు లెక్కకొస్తాయి. చేతిపని లెక్కకి రాదు. ఆ పనిని రాసుకుపోయిన విద్యార్థికి మాత్రం మార్కులొస్తాయి. 2022లో యూజీసీ తెచ్చిన ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’కి డిగ్రీ అక్కర్లేదు. చూడ్డానికి తలుపు తెరిచినట్టే ఉంటుంది. కానీ అది మంజూరైన పోస్టుల్లోది కాదు, గడువు నాలుగేళ్ళకి మించదు. అతిథిగా రమ్మంటున్నారు, ఇంటివాళ్ళుగా కాదు.

మనకి కావల్సింది మంజూరైన పోస్టుల్లో వాటా, చేతిపనికి అర్హతగా గుర్తింపు, మాదిగవాడల పిల్లలకి డిజైన్ క్లాసులో సీటు. వాళ్ళు లోపలికొస్తే లోటా గురించి ఎవరూ అడగని ప్రశ్న మొదటిరోజే అడుగుతారు.