మెత్తని నేలలో లోతు త్రవ్వకాలు: పెక్ నివేదికపై ఒక పరిశీలన

మెత్తని బంకమట్టిలో గొయ్యి త్రవ్వి, ప్రక్కలకు ఉక్కురేకుల గోడలు దిగగొట్టి, వాటి మధ్య అడ్డుదూలాలు బిగించినంత మాత్రాన నేల కదలక ఊరుకోదు. గోడ లోపలికి వంగుతుంది. గొయ్యి అడుగు పొంగుతుంది. చుట్టుప్రక్కల వీధులు, ఇండ్లు కుంగుతాయి. ఈ విషయాన్ని గూర్చి 1969లో మెక్సికో నగరంలో జరిగిన అంతర్జాతీయ మహాసభకు ఇల్లినాయి విశ్వవిద్యాలయ ఆచార్యుడు రాల్ఫ్ పెక్ ఒక నివేదిక సమర్పించినాడు. నేటికీ ఇంజనీర్లు దానిని పేర్కొంటూనే ఉన్నారు.

ఈ నివేదికకు జీవం కొలతల పట్ల ఆయనకు గల గౌరవం. షికాగో, ఆస్లో మొదలైన చోట్ల నిజంగా కొలిచిన కుంగుబాట్లను త్రవ్వకపు లోతుతో భాగించినాడు. దూరాలను కూడా అట్లే భాగించినాడు. అందువల్ల చిన్న గొయ్యిని పెద్ద గొయ్యితో ఒకే పటంలో పోల్చ వీలైనది. పటంలో మూడు మండలాలున్నవి: మొదటిదానిలో కుంగుబాటు లోతులో 1 శాతం వరకు, రెండవదానిలో 2 శాతం వరకు, మూడవదానిలో అంతకు మించి.

మట్టి ఏ మండలానికి చెందునో తెలుసుకొనుటకు ఒక సంఖ్య తోడ్పడుతుంది. తీసివేసిన మట్టి బరువు వల్ల కలిగిన ఒత్తిడిని అడుగు మట్టి కోతబలంతో భాగించవలెను. ఘనపు మీటరు 1.7 టన్నులు తూగే మట్టిలో 10 మీటర్లు త్రవ్వితే ఒత్తిడి చదరపు మీటరుకు 17 టన్నులు. కోతబలం 2.5 టన్నులైతే సంఖ్య 6.8. ఈ సంఖ్య 6, 7 ప్రాంతానికి చేరితే అడుగు విఫలమయ్యే ప్రమాదమున్నది. విద్యార్థి నల్లబల్లపై చేయగల లెక్క ఇది!

అయితే లోపాలు లేకపోలేదు. పటానికి ఆధారమైనవి ఎక్కువగా వంగే స్వభావం గల పాతరకం గోడలు. బిగువైన కాంక్రీటు గోడలకు ఇది కుంగుబాటును ఎక్కువ చేసి చూపుతుంది. మరొకటి: "సగటు పనితనం" అనే షరతును చదువరులు తేలికగా దాటిపోతారు. దూలం బిగించుట ఒక్కరోజు ఆలస్యమైనా గోడ అడుగుభాగం ఈలోగా కదిలిపోవచ్చును. ఆ కదలికను ఏ దూలమూ వెనుకకు త్రిప్పలేదు.

2004 ఏప్రిల్ 20న సింగపూరులో భూగర్భ రైలుమార్గం కొరకు సుమారు 30 మీటర్ల లోతు త్రవ్వుతున్న గొయ్యి కూలి నలుగురు మరణించినారు. సముద్రపు బంకమట్టి బలాన్ని లెక్కలో ఎక్కువగా పట్టినారు. దూలాల కూడళ్ళు బలహీనమైనవి. కొలపరికరాలు ఇచ్చిన హెచ్చరికలను తగినంతగా పట్టించుకోలేదు. కావున పటం మాత్రమే చాలదు. పెక్ అదే 1969లో రాంకిన్ ఉపన్యాసంలో, కొలతలను చూచుచు పనిని సవరించుకొనే పద్ధతిని వివరించినాడు. ఈ రెంటినీ కలిపి చదివినప్పుడే ఆయన చెప్పదలచినది పూర్తిగా బోధపడుతుంది. కొలుచుట సగం పని. కొలత చెప్పిన మాట వినుట మిగిలిన సగం.