రెండో బెజ్జం

శనివారం పొద్దున్నే మరీనాలో పంపౌట్ వరసలో పడవలు ఆగి ఉన్నప్పుడు ఎవరూ ఎవరి మొహమూ చూడరు. అందరూ వచ్చింది ఒకే పనికి. పడవలో మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేసుకోవడానికి.

తెరచాప గురించి, గాలి గురించి, అనాపొలిస్ దగ్గర సాయంత్రం వెలుగు గురించి ఈ కాలమ్‌లో బోలెడు రాశాను. ట్యాంకు సంగతి మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు. ఇవాళ ఎత్తుతున్నాను. టిఫిన్ తింటూ చదివే అలవాటున్నవాళ్లు పేపరు మడిచి పక్కన పెట్టి, చెయ్యి కడుక్కున్నాక రండి.

అమెరికాలో తీరం నుంచి 3 నాటికల్ మైళ్లు, అంటే ఐదున్నర కిలోమీటర్లు దాటేదాకా శుద్ధి చేయని మలం నీళ్లలో వదలకూడదు. మా పడవ తిరిగేది అనాపొలిస్ పక్కనున్న చెసాపీక్ బే అనే అఖాతంలో. అది ఎంత వెడల్పున్నా లోపలి జలాల కిందే లెక్క, కాబట్టి అక్కడ ఎక్కడా వదలడానికి లేదు. మన రైళ్లలో 'బండి స్టేషనులో ఆగినప్పుడు వాడరాదు' అని రాసుండేదే, అలాంటిదే ఇదీను. కాకపోతే ఇక్కడ స్టేషను 300 కిలోమీటర్ల పొడవుంటుంది. అందుకే ట్యాంకు, అందుకే పంపౌట్. 1992లో క్లీన్ వెసెల్ యాక్ట్ వచ్చాక ఆ నిధులతో చాలాచోట్ల పంపులు పెట్టారు. మా దగ్గర ఒక్కసారికి కొద్దిపాటి డబ్బే తీసుకుంటారు.

పని చూడ్డానికి తేలికే. గట్టు మీద పంపు, దాని పొడుగాటి గొట్టం చివర రబ్బరు మూతి. డెక్ మీద 'వేస్ట్' అని చెక్కిన మూత విప్పి, ఆ కన్నంలో రబ్బరు మూతిని గట్టిగా నొక్కిపట్టి మీట తిప్పితే లాగేస్తుంది. (పక్కనే మంచినీళ్ల మూత, డీజిల్ మూత కూడా ఉంటాయి. అద్దాలు పెట్టుకుని ఒకటికి రెండుసార్లు చదివి విప్పండి.) రబ్బరు మూతి వెనక జానెడు పారదర్శకమైన గొట్టం ఉంటుంది, లోపల ఏం పోతోందో తెలియడానికి. అది పెట్టినవాడికి దండం పెట్టాలో తిట్టాలో నాకిప్పటికీ తేలలేదు.

మా ట్యాంకు 20 గ్యాలన్లు, సుమారు 75 లీటర్లు. మొదటి నిమిషం ధారగా లాగేది. తర్వాత సన్నబడేది. ఆ తర్వాత గొట్టంలో కదలిక ఆగిపోయేది, పంపు మాత్రం మూలుగుతూనే ఉండేది. అయిపోయిందనుకుని మూత బిగించేవాణ్ని. మరుసటి వారం ఇద్దరం ఒక పూట వాడామో లేదో, ట్యాంకు నిండినట్టు వెనక్కి తన్నేది. పంపు బాగాలేదని ఇంకో మరీనాకి వెళ్లాను. అక్కడా అంతే. ఒక మెకానిక్ చూసి, ట్యాంకే మార్చాలన్నాడు. అతను చెప్పిన ఖరీదు విని, రెండు వేసవులు అలాగే నెట్టుకొచ్చాం.

మూడో వేసవిలో ఒకరోజు మా ఆవిడని డెక్ మీద రబ్బరు మూతి పట్టుకోమని, నేను ముందు గదిలో పరుపు ఎత్తి, దాని కింది పలక తీసి, టార్చి వేసుకుని కూర్చున్నాను. పైన పంపు మొదలైంది. నా కళ్లముందే ట్యాంకు లోపలికి ముడుచుకుంది. చిన్న రసం మామిడిపండుని తొడిమ దగ్గర కొరికి పీలుస్తుంటే తొక్క ఎలా లోపలికి అంటుకుపోతుందో, అచ్చం అలాగ.

"ఆపేయ్, ఆపేయ్!" అని అరిచాను.

"ఏమైందండీ, పగిలిందా?" అంది పైనుంచి. పగల్లేదు. ఇంకాస్త లాగితే అతుకు దగ్గర విచ్చేదేమో.

నాకు సిగ్గేసింది. ఎందుకంటే మాది కాకినాడలో కిరాణా కొట్టు. పదిహేను కిలోల నూనె డబ్బా వస్తే మేకూ సుత్తీ తెచ్చి బెజ్జం కొట్టే పని పదేళ్ల వయసు నుంచీ నాదే. ఒక్క బెజ్జం కొట్టి వంపితే నూనె గుడగుడమంటూ ఆగి ఆగి వస్తుంది, చిందుతుంది. ఎదుటి మూల రెండో బెజ్జం కొడితే అప్పుడు తీగలా జారుతుంది. గాలి లోపలికి పోవాలి, అప్పుడే నూనె బయటికి వస్తుంది. ఇంత తెలిసినవాణ్ని, రెండేళ్లపాటు పంపుని తిట్టుకుంటూ తిరిగాను.

ట్యాంకుకి ఆ రెండో బెజ్జం ఉంది. వెంట్ అంటారు. ట్యాంకు పైనుంచి సన్నటి గొట్టం బయల్దేరి పడవ పక్క గోడకి, డెక్‌కి కాస్త కిందగా తేలుతుంది. మా పడవకి దాని మూతి విప్పి చూస్తే లోపల కుమ్మరిపురుగు గూడు. ఎంత ముచ్చటగా అలికి పెట్టుకుందో! గూడు వెనక పురుగులు దూరకుండా పెట్టిన జాలీ, దాని మీద ఎండి గట్టిపడిన పెచ్చు. ఆ పెచ్చు ఎక్కడిదంటే, గొట్టం మధ్యలో కిందికి వేలాడి ఊయలలా వంగి ఉంది. గాలికి పడవ ఒక పక్కకి ఒరిగినప్పుడల్లా ట్యాంకులోది ఆ గొట్టంలోకి ఎక్కి, ఆ వంపులో నిలిచి, ఎండిపోయేది. మెకానిక్ ఇదంతా చూడనేలేదు. ట్యాంకు అమ్మేవాడికి బెజ్జం కనిపించదు.

పాత గొట్టం లోపలి కొలత అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతులు. అది పీకేసి అంగుళం గొట్టం వేశాను. వంపులు లేకుండా ట్యాంకు నుంచి పైకే ఎక్కేలా కట్టాను. జాలీ తీసి పారేశాను. ఇప్పుడు పడవ కడిగే ప్రతిసారీ నీళ్ల గొట్టం వెంట్ మూతి దగ్గర పెట్టి ఒక్క క్షణం లోపలికి కొడతాను. పనంతా ఒక ఆదివారంలో తేలిపోయింది. ఆ తర్వాత పంపౌట్‌లో ట్యాంకు కదల్లేదు, ధార సన్నబడలేదు.

ఇంకా అడుగున కాస్త మడ్డి మిగిలేది. దానికి మందు మజ్జిగలా చిలకడమే. పంపౌట్‌కి వెళ్లే ముందు రెండు బకెట్ల మంచినీళ్లు ట్యాంకులో పోసి, ఓ గంట తెరచాప వేసి తిరిగొస్తే అలలే చిలికి పెడతాయి. లాగే గొట్టం ట్యాంకులో అడుగుదాకా దిగి ఉంటుంది కదా, దాని కొస అడుక్కి ఆనుకుని సూటిగా తెగి ఉంటే తనే మూసుకుపోతుంది. ఏటవాలుగా కోయించాను. ఆఖరి రెండు లీటర్ల కోసం మా బావమరిదిని ఆ గొట్టం ఉన్న పక్క రెయిలింగు దగ్గర నిలబెడతాను. మనిషి పుష్టిగా ఉంటాడు, పడవ అటు ఒరుగుతుంది. ఎందుకు నిలబెట్టానో మొదటిసారి చెప్పలేదు.

అనుకోకుండా దక్కిన లాభం వాసన పోవడం. పెగ్గీ హాల్ అనే ఆవిడ పడవల దుర్వాసన మీదే ఏకంగా ఒక పుస్తకం రాశారు. ఆవిడ కూడా గాలి ఆడనివ్వమనే చెబుతారు. గాలి తగిలేచోట బతికే సూక్ష్మజీవులు వేరు, అవి వదిలే కార్బన్ డయాక్సైడ్‌కి కంపు ఉండదు. గాలి లేనిచోట చేరేవి వేరు. గోబర్ గ్యాస్ గొయ్యిలో పనిచేసేవి ఆ జాతివే. కుళ్లిన గుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాటి పుణ్యమే. మా పడవలో అది గుప్పున కొట్టేది, కిటికీలు తీసేవాళ్లం, పోయేది. ఎక్కువైతే ఆ వాయువు ముందు ముక్కునే చంపేస్తుంది, కంపు ఆగిపోయినట్టుంటుంది. ఆ తర్వాత మనిషిని చంపుతుంది.

ఆ వాయువు సంగతి చదివిన రోజు నాకు కాకినాడ ఇల్లు గుర్తొచ్చింది. పెరట్లో సెప్టిక్ ట్యాంకు తీయించే రోజున అమ్మ మమ్మల్ని లోపలి గదిలో పెట్టి తలుపులు వేసేది. బకెట్లతో వచ్చినవాళ్లలో ఒకరు గోతిలోకి దిగేవారని మాత్రం తెలుసు. వాళ్ల పేర్లు మా ఇంట్లో ఎవరికీ తెలియవు. నాన్న డబ్బు గోడ మీద పెట్టేవారు. అనాపొలిస్‌లో రబ్బరు మూతి పట్టుకుని నిలబడితే చేతికి గ్లవుజు, చుట్టూ సముద్రపు గాలి. నా పని నేనే చేసుకుంటున్నానని గొప్పలు పోవడానికి ఇందులో ఏమీ లేదు.

పడవ ఉన్నవాళ్లు ఈ వారం వెంట్ మూతి విప్పి చూడండి. లేనివాళ్లు పెరట్లో సెప్టిక్ ట్యాంకు మీద నిలబెట్టిన గాలి గొట్టం విరిగిందో, మూసుకుందో చూడండి. రక్షణ లేకుండా మనిషిని అందులోకి దింపడం మన దేశంలో 2013లో వచ్చిన చట్టం ప్రకారం నేరం. ట్యాంకు నిండితే లాగే బండిని పిలవండి. అడుగున మడ్డి మిగిలిందని బండివాడు మనిషిని దింపబోతే వద్దనండి. నీళ్లు పోసి, కలిపి, ఇంకోసారి లాగమనండి. వస్తుంది.