కుచ్చిళ్ళు నిలిచే గుడ్డ

నడుముకు చుట్టి, కుచ్చిళ్ళు పోసి కట్టే ఏ వస్త్రానికైనా అందమూ సౌకర్యమూ గుడ్డను ఎంచుకునేటప్పుడే సగానికి పైగా తేలిపోతాయి. స్కాట్లాండ్ పురుషులు ధరించే కిల్టు విషయంలో ఇది ఎంత నిజమో, ఉత్తరాంధ్ర పంచె విషయంలోనూ అంతే నిజం. అయితే విశాఖపట్నంలో పంచె కొనేవారిలో చాలామంది ముందు అంచు జరీని, తరువాత కౌంటును చూసి తృప్తిపడుతున్నారే తప్ప, గుడ్డ బరువును గానీ, నేత బిగువును గానీ, సముద్రపు గాలిలో మడత ఎంతసేపు నిలుస్తుందన్న సంగతిని గానీ పరీక్షించడం లేదు.

కౌంటు అంటే నూలు సన్నదనాన్ని తెలిపే లెక్క. 840 గజాల పొడవున్న నూలు చిలపలు ఎన్ని కలిస్తే ఒక పౌను తూగుతాయో, ఆ సంఖ్యే ఆ నూలు కౌంటు. ఆ ప్రకారం 100 కౌంటు నూలు 84,000 గజాలు కలిసినా సుమారు 454 గ్రాములకు మించదు. అంత సన్నని దారం తీయడం గొప్ప పనితనమే. అయినా కౌంటు పెరిగిన కొద్దీ గుడ్డ తేలికవుతుందనీ, తేలికైన గుడ్డ ఒంటికి హాయినిచ్చినా కుచ్చిళ్ళను తనంతట తాను నిలబెట్టుకోలేదనీ కొనేవారు గుర్తించాలి.

ఈ విషయంలో పొందూరు ఖద్దరును దగ్గరగా పరిశీలించడం అవసరం. విశాఖ నుంచి పలాస వైపు సాగే రైలు మార్గంలో, శ్రీకాకుళం జిల్లాలో ఉన్న పొందూరులో కొండపత్తి, పునాస పత్తి వంటి దేశవాళీ రకాలను తీసుకుని, గింజకు అంటిన దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడకున్న సన్నని పళ్ళు ఆకు తునకలనూ దుమ్మునూ తొలగించి పీచును ఒకే వైపుకు సరిచేస్తాయి. ఆ తరువాత గింజలు తీసి, దూదిని ఏకి, ఏకులు చేసి స్త్రీలు రాట్నం మీద వడుకుతారు. ఇలా తయారైన గుడ్డను వెలుగుకు ఎదురుగా పట్టి చూస్తే, పడుగులో, అంటే నిలువు పోగుల్లోనూ, పేకలో, అంటే అడ్డపోగుల్లోనూ అక్కడక్కడ దారం కాస్త లావై, మళ్ళీ సన్నబడటం కనిపిస్తుంది. మిల్లు నూలులో లేని ఆ స్వల్పమైన ఎచ్చుతగ్గులే గుడ్డకు ఒక పట్టునిచ్చి, కుచ్చిలి మీద కుచ్చిలి జారిపోకుండా ఆపుతాయి. సినీ నటుడు అక్కినేని నాగేశ్వరరావు వంటివారు ఇష్టపడి కట్టిన ఈ పంచెల ఘనత ఆ పట్టులో ఉందే గాని, కేవలం కౌంటు సంఖ్యలో లేదు.

కిల్టు తయారీదారులు ఇదే సమస్యను బరువుతో పరిష్కరించుకున్నారు. వారు వాడే టార్టన్, అంటే వంశానికో ప్రాంతానికో గుర్తుగా నిలిచే రంగు గళ్ళ ఉన్ని గుడ్డ, దువ్వి వడికిన ఉన్ని దారంతో ట్విల్ పద్ధతిలో నేసినది. పేక పోగు రెండు పడుగు పోగుల మీదుగా, మరి రెండింటి కిందుగా సాగుతూ వరుసకొక పోగు చొప్పున పక్కకు జరగడమే ఆ నేత. గజానికి 13 నుంచి 16 ఔన్సులు తూగే గుడ్డను ఎనిమిది గజాల వరకు తీసుకుని, వెనక భాగమంతా మడతలు పోసి, కింది అంచును మడిచి కుట్టకుండా నేత అంచునే అలాగే వదిలివేస్తారు. అందుకే ఆ అంచు గట్టిగా, తిన్నగా ఉండటం అక్కడి ఎంపికలో ముఖ్యమైన షరతు. పంచెకూ కింది అంచే ప్రాణమనీ, అది వదులుగా నేసినదైతే నాలుగు ఉతుకుల్లో అలలు తిరుగుతుందనీ గమనించినప్పుడు, రెండు దేశాల అనుభవం ఒకే మాట చెబుతున్నదని తెలుస్తుంది.

తెలుగు తీరపు గళ్ళ గుడ్డలకు కూడా ఇటువంటి చరిత్ర ఉంది. చీరాల ప్రాంతంలో నేసి మద్రాసు పేరుతో ఎగుమతి చేసిన గళ్ళ నూలు గుడ్డలను నైజీరియాలోని కలబారి ప్రజలు నడుముకు చుట్టుకునే గౌరవ వస్త్రంగా స్వీకరించారు. వేడి దేశానికి ఉన్ని బరువు పనికిరాదనీ, బిగువుగా నేసిన నూలు చాలుననీ ఇది నిరూపిస్తున్నది.

నూలుకు ఉన్నిలా మడతను పట్టి ఉంచే గుణం తక్కువ కాబట్టి గంజి పెట్టడం ఆనవాయితీ అయింది. కానీ గంజి గాలిలోని తేమను పీల్చుకుంటుంది గనుక, విశాఖ ఉక్కపోతలో ఉదయం పెళపెళలాడిన సన్నపంచె మధ్యాహ్నానికి వాలిపోవడం సహజం. 1933లో ప్రారంభమైన రేవును ఆనుకుని ఉన్న పాత పట్టణంలో ఖనిజం, బొగ్గు ధూళి మరొక చిక్కు. పలుచని నేతలో పోగుల మధ్య సందుల్లోకి చేరిన నలుపు త్వరగా వదలదు. ఇస్త్రీ అక్కరలేదన్న ఆకర్షణతో పాలియెస్టర్ కలిపిన పంచెలు కొనడం అంతకంటే పెద్ద పొరపాటు. నిప్పు తగిలితే ఆ దారం కరిగి చర్మానికి అంటుకుంటుందని ఉక్కు కర్మాగారంలో కొలిమి దగ్గర పనిచేసేవారికి వేరే చెప్పనక్కరలేదు. అదే గుడ్డను పెళ్ళి పీటల మీద హోమగుండం ముందు కట్టుకోవడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. అంచు నుంచి ఒక పోగు లాగి వెలిగిస్తే, నూలైతే కాగితంలా కాలి మెత్తని బూడిదవుతుంది, పాలియెస్టరైతే గట్టి పూసగా ముడుచుకుంటుంది.

అందువల్ల ఈ నగరంలో తరచుగా కట్టే పంచెకు 60 నుంచి 80 కౌంటు నూలుతో బిగువుగా నేసిన చేనేత గుడ్డే సరైనది. 100 కౌంటు పంచెను చలికాలపు శుభకార్యాలకు ఉంచుకోవచ్చు. కొనేవారు పెట్టెలో మడిచి ఉన్న పంచెను చూసి బేరం ముగించకుండా, దాన్ని పూర్తిగా విప్పించి, గోటితో గీరి పిండిలా గంజి రాలుతుందేమో చూసి, అయిదారు కుచ్చిళ్ళు పోసి చేత్తో వేలాడదీసి, అంచులు ఒకే వరుసలో దిగుతున్నాయో లేదో సరిచూసుకున్న తరువాతే ధర మాట్లాడాలి.