సొంత కూర్పు మాకింటాష్ యంత్రము: ఒక విమర్శ

ఆపిల్ సంస్థవారి మాక్ కంప్యూటరులో నడచు ఆపరేటింగ్ సిస్టమును, బజారులో విడివిడిగా కొన్న భాగములతో కూర్చిన యంత్రముపై నడిపించు పద్ధతి ఒకటి కలదు. దీనికి ‘హాకింటాష్’ అని పేరు. వీడియో కూర్పు చేయువారు దీనిపై చాలకాలము మక్కువ చూపిరి. పాఠములను వీడియోలుగా తీయు ఉపాధ్యాయులును, చిన్న చిత్రములు తీయు విద్యార్థులును నేడు కలరు. వారిలో కొందరి చూపైనను ఈ పద్ధతిపై పడక మానదు. కాబట్టి దీని గుణదోషములను విచారించుట అవసరము.

ముందుగా ఈ కోరిక ఎట్లు పుట్టినదో చూతము. ఆపిల్ సంస్థ 1995లో పవర్ కంప్యూటింగ్ మొదలైన సంస్థలకు అనుమతినిచ్చి మాక్ వంటి యంత్రములను చేయనిచ్చినది. 1997లో స్టీవ్ జాబ్స్ తిరిగి వచ్చిన పిమ్మట ఆ ఏర్పాటు ముగిసెను. 2006లో మాక్ యంత్రములకు ఇంటెల్ ప్రాసెసర్లు వచ్చినవి. అంతటితో మాక్ లోపలి భాగములకును, సాధారణపు పి.సి. భాగములకును గల భేదము చాలవరకు తొలగెను. 2013లో వచ్చిన స్తూపాకారపు మాక్ ప్రోలో విస్తరణకు లోపల స్లాట్లు లేవు. బజారులోని గ్రాఫిక్స్ కార్డును తెచ్చి బిగించుటకు వీలులేదు. ఉష్ణము విషయములో ఆ ఆకృతి తమను ఇరుకున పెట్టినదని 2017లో ఆ సంస్థ అధికారులే ఒప్పుకొనిరి. ఎక్కువ శక్తిగల మాక్ కావలసినవారికి ఆ దినములలో వేరు దారి కనబడలేదు. కనుక వారి కోరికను అప్పట్లో తప్పు పట్టుటకు వీలులేదు.

ఇది పనిచేయు విధము ఆసక్తికరమైనది. యంత్రమునకు విద్యుత్తు తగిలినప్పుడు మొదట మేల్కొనునది మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్. దానికిని ఆపరేటింగ్ సిస్టమునకును నడుమ ‘ఓపెన్‌కోర్’ వంటి చిన్న ప్రోగ్రాము నిలుచును. అది ఈ యంత్రమును ఫలానా సంవత్సరపు ఐమాక్ అని పరిచయము చేయును; మదర్‌బోర్డు అందించు ఎ.సి.పి.ఐ. పట్టికలలోని తేడాలను సరిదిద్దును. నిజమైన మాక్‌లో నుండు ఒక చిన్న నియంత్రణ చిప్పునకు బదులుగా జవాబు చెప్పు ప్రోగ్రామును జతచేయును. వీథి నాటకములో వేషగాడు కిరీటము పెట్టి రాజుగా వచ్చినట్లే ఇదియును.

అయితే వేషము పేరును మార్చగలదు గాని కండబలమును ఇయ్యజాలదు. గ్రాఫిక్స్ కార్డుతో మాటలాడు డ్రైవరు ఆ సిస్టములో ఉండియే తీరవలెను. ఎ.ఎం.డి. వారి రేడియాన్ ఆర్.ఎక్స్. 580కు అది కలదు. కావున ఆ కార్డు పనిచేసినది. ఎన్విడియా వారి కొత్త కార్డులకు 2018లోని మొహావీ నుండి డ్రైవర్లు లేకపోయెను. ఎంత ధర పెట్టి కొన్నను అవి అక్కడ నిరుపయోగములే.

ఇక వీడియో కూర్పునకు నిజముగా కావలసినదేమి? లెక్క వేసి చూతము. 4కె చిత్రములో అడ్డముగా 3,840, నిలువుగా 2,160 బిందువులుండును, మొత్తము 82,94,400. ఒక్కొక్క బిందువునకు 3 బైట్లు చొప్పున ఒక చిత్రమునకు సుమారు 2.49 కోట్ల బైట్లు. సెకనుకు 30 చిత్రములైనచో సుమారు 75 కోట్ల బైట్లు; గంటకు దాదాపు 2.7 టెరాబైట్లు! ఇంత భారమును మోయుట కష్టము గనుక కుదింపు అవసరమైనది. ప్రోరెస్ 422 హెచ్.క్యూ. అను రూపములో ఇదే దృశ్యమునకు సెకనుకు 88 మెగాబైట్లు, గంటకు సుమారు 318 గిగాబైట్లు చాలును. ఇట్టి దృశ్యములు నాలుగింటిని ఒకేసారి నడపవలెనన్న సెకనుకు 350 మెగాబైట్లకు మించిన వేగము కావలెను. తిరుగు పళ్ళెముల హార్డ్ డిస్కు ఒక్కటి దీనికి చాలదు, ఎస్.ఎస్.డి. కావలెను.

సెల్‌ఫోనుతో తీసిన వీడియో సంగతి వేరు. అందు ప్రతి చిత్రమును పూర్తిగా నిలువచేయరు. ముందు వెనుకల చిత్రములతో గల భేదములనే ఎక్కువగా వ్రాసికొందురు. అందుచే ఫైలు చిన్నది, కాని దానిని విప్పు శ్రమ పెద్దది. అచ్చట డిస్కు వేగముకంటె ప్రాసెసరులో గాని గ్రాఫిక్స్ కార్డులో గాని ఉన్న ప్రత్యేకపు విప్పుడు భాగము ముఖ్యమగును. ఏ వీడియో, ఎన్ని పొరలు, ఎంత నిడివి అని ముందు తెలిసికొననిదే భాగముల పట్టిక వ్రాయుట మందు తెలిసి రోగము తెలియని వైద్యము వంటిది.

హాకింటాష్ ప్రణాళికలలో మొదటి దోషమిదియే. పనికి తగిన భాగమేది అను ప్రశ్నకు మారుగా, ఆ సిస్టము ఒప్పుకొను భాగమేది అను ప్రశ్న ముందునకు వచ్చును. రెండవ దోషము కాలవ్యయము. సిస్టము మారినప్పుడెల్ల శబ్దమో, నెట్‌వర్కో, నిద్రావస్థ నుండి మేల్కొనుటయో ఆగిపోవచ్చును. రేపు ఒప్పచెప్పవలసిన పని నేడు నిలిచిపోవును.

మూడవది న్యాయమునకు సంబంధించినది. ఈ సిస్టమును ఆపిల్ యంత్రములపైననే వాడవలెనని లైసెన్సు చెప్పుచున్నది. ఇట్టి యంత్రములను అమ్మిన సైస్టార్ సంస్థపై ఆపిల్ 2008లో దావా వేయగా, అమెరికా న్యాయస్థానము 2009లో ఆపిల్ పక్షమున తీర్పు చెప్పెను. 2011లో పై న్యాయస్థానము దానిని స్థిరపరచెను. అది అమ్మకపుదారు కేసు. ఇంట కూర్చుకొన్నవానిది కాదు. అయినను విద్యార్థులకు ఆదర్శముగా నిలువవలసిన పాఠశాల లైసెన్సును మీరి యంత్రమును నెలకొల్పుట తగదు.

నాలుగవది అన్నిటికంటె పెద్దది. 2020లో ఆపిల్ తన సొంత ప్రాసెసర్లకు మారెను. 2023లో మాక్ ప్రో కూడ మారినది. ఆ చిప్పులు బజారులో విడిగా దొరకవు. ఇంటెల్ మాక్‌లపై నడచు కడపటి సిస్టము ‘టాహో’యే అని 2025లో ఆ సంస్థ ప్రకటించెను. అనగా నేడు కూర్చు హాకింటాష్ ఎండిపోవుచున్న కాలువ క్రింద వేసిన నారుమడి.

దీని గుణమును మరువరాదు. ఫర్మ్‌వేర్, డ్రైవరు, పట్టికలు అనునవి ఎట్లు కలిసి పనిచేయునో దీనివలన వేలకొలది యువకులు తెలిసికొనిరి. ఆపిల్ పక్షమున దోషము లేదనియును చెప్పలేము. సొంత చిప్పులు గల మాక్‌లలో జ్ఞాపకశక్తిని తరువాత పెంచుకొనుటకు వీలులేదు. కొనునాడే పదేండ్ల అవసరమును ఊహింపవలెను. మరమ్మతును, మార్పును కోరువాని అసంతృప్తి నేటికిని న్యాయమైనదే.

కాబట్టి ప్రణాళిక పని నుండి మొదలు కావలెను. ఫైనల్ కట్ ప్రో యే కావలెనన్నచో నిజమైన మాక్‌ను కొనుటయే మేలు. 2024లో 16 గిగాబైట్ల జ్ఞాపకశక్తితో వచ్చిన మాక్ మినీ ధర అప్పుడు అమెరికాలో 599 డాలర్లుగా నుండెను. భాగములను తానే ఎంచి కూర్చుకొనవలెనన్నచో విండోసుపైనను, లినక్సుపైనను నడచు డావించి రిసాల్వ్ కలదు. దాని ఒక రూపము ఉచితము. అప్పుడు భాగములను పనిని బట్టి స్వేచ్ఛగా ఎంచుకొనవచ్చును. పాత ఇంటెల్ యంత్రము మూలపడియున్నచో, సొంత యంత్రమును కూర్చి దాని లోపలి నడకను నేర్చుకొనుటకు అంతకంటె మంచి ప్రయోగశాల లేదు. నేర్చుకొనుటకు కావలసిన యంత్రము వేరు, గడువులోపల పని ముగించుటకు కావలసిన యంత్రము వేరు అని గ్రహించినవాడు ధనమును, కాలమును కూడ కాపాడుకొనును.